కథోలిక ప్రార్థనలు: వరంగల్, ఉత్తర తెలంగాణ విచారణల్లో (పారిష్‌లలో) తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో జపమాల దగ్గర, గుడి వరండాలో, చావింట్లో మళ్లీ మళ్లీ వినబడే ప్రశ్నలివి. చాలావాటి వెనక ఉన్న భయం ఒకటే: తప్పు దొర్లితే ప్రార్థన చెల్లదేమోనని. అందుకే శ్రీసభ (కథోలిక సంఘం) నియమం ఏదో, పెద్దల ఆనవాయితీ ఏదో విడదీసి చెప్పాం. నియమాలు చాలామంది అనుకునేదానికన్నా తక్కువే.

ఇంట్లో జపమాల మొదలుపెట్టాలనుకుంటున్నాం. వరస ఎట్లా?

సిలువ పట్టుకుని సిలువ గుర్తు, విశ్వాస సంగ్రహం. మొదటి పెద్ద పూసకు పరలోక జపం. తర్వాతి మూడు చిన్న పూసలకు మూడు మంగళవార్త జపాలు (మరియమ్మకు చేసే జపం), ఆపైన త్రిత్వ స్తోత్రం. ఇక్కడిదాకా ముందుమాట. ఆ తర్వాత ఐదు దేవరహస్యాలు, అంటే యేసు, మరియమాతల జీవిత ఘట్టాలు. ఒక్కోదానికి రహస్యం పేరు చెప్పి, ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం. చివర "ఓ నా యేసువా" అనే చిన్న జపం కలిపేది 1917లో ఫాతిమా దర్శనాల తర్వాత వచ్చిన అలవాటు. కలపకపోయినా జపమాల జపమాలే.

కొత్తవాళ్లు తడబడేది ఒకచోట. మాలలో పూసలు 59: చిన్నవి 53, పెద్దవి 6. మొదటి రహస్యానికి పెద్ద పూస కోసం పతకం దాటి వెతుకుతారు. అది పతకానికి ముందే, సిలువ వేలాడే తోకలోనే ఉంటుంది. ఆ పూసకు పరలోక జపం చెప్పి, పతకం దాటి చిన్న పూసల్లోకి వెళ్లాలి.

నిదానంగా చెబితే ఇరవై నిమిషాలు పడుతుంది. దేవమాత ప్రార్థన (లిటనీ, మరియమాతను ఒక్కో బిరుదుతో పిలిచే ప్రార్థన) కూడా చదివితే ఇంకో ఐదు నిమిషాలు. పదకొండు నిమిషాల్లో ముగిస్తున్నారంటే ఎక్కడో మాటలు మింగుతున్నారన్నమాట. చిన్నపిల్లలున్న ఇంట్లో మొదట ఒక్క రహస్యంతోనే మొదలుపెట్టి, అలవాటయ్యాక పెంచండి. మొదటిరోజే ఐదు రహస్యాలు, లిటనీ, మూడు పాటలు పెట్టుకున్న ఇళ్లలో కుటుంబ ప్రార్థన సాధారణంగా వారం దాటదు.

నాయనమ్మ పుస్తకంలో గురువారం సంతోష దేవరహస్యాలని ఉంది. గుడిలో వేరేవి చెబుతున్నారు. ఏది సరి?

పుస్తకం 2002కు ముందు అచ్చయి ఉంటుంది. ఆ ఏడు అక్టోబరు 16న రెండవ జాన్ పాల్ పోపుగారు వెలుగు దేవరహస్యాలు ఐదింటిని ప్రతిపాదించి, వాటికి గురువారాన్ని సూచించారు. ఇప్పుడు సోమ, శనివారాలు సంతోషం, మంగళ, శుక్రవారాలు దుఃఖం, బుధ, ఆదివారాలు మహిమ, గురువారం వెలుగు. ఇది సూచనే. నాయనమ్మ తన పుస్తకం ప్రకారమే చెప్పుకుంటానంటే చెప్పుకోనివ్వండి.

లిటనీ విషయంలోనూ ఇంతే. 2020లో ఫ్రాన్సిస్ పోపుగారు దేవమాత ప్రార్థనలో మూడు కొత్త పిలుపులు చేర్చారు: కరుణకు తల్లి, నిరీక్షణకు తల్లి, వలసపోయినవారికి ఓదార్పు. పాత పుస్తకాల్లో అవి ఉండవు. పెన్నుతో రాసుకుంటే సరిపోతుంది.

మధ్యలో లెక్క తప్పితే?

సాగిపోండి. తొమ్మిదైనా పదకొండైనా పాపం కాదు.

నలుగురం కలిసి చెబితే గందరగోళం అవుతోంది. ఎందుకు?

ముందు చెప్పేవాళ్లు "మీ గర్భఫలమగు యేసు" దగ్గరికి రాకముందే మిగతావాళ్లు "పరిశుద్ధ మరియమ్మా" అందుకుంటారు. అట్లా యేసు నామం రెండు గొంతుల కింద పడిపోతుంది. మంగళవార్త జపానికి ఇరుసు ఆ నామమేనని, తొందరలో అదే కనబడకుండా పోతుందని 2002 నాటి ఆ లేఖలోనే పోపుగారు హెచ్చరించారు. నియమం ఒక్కటి పెట్టుకోండి: మొదటి సగం పూర్తిగా వినబడేదాకా రెండో సగం ఎత్తుకోకూడదు. రహస్యానికొకరు చొప్పున ముందు చెబితే పిల్లలు కూడా నిద్రపోరు.

మా ఆయన దుబాయ్‌లో ఉన్నాడు. ఫోన్‌లో కలిసి చెప్పుకుంటే చెల్లుతుందా?

నిక్షేపంగా. జగిత్యాల, కరీంనగర్ వైపు ఎన్నో ఇళ్లలో కుటుంబ ప్రార్థన ఇప్పుడు వీడియో కాల్‌లోనే. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే దుబాయ్‌లో ఆరున్నర, సౌదీలో ఐదున్నర. డ్యూటీ చూసుకుని టైం పెట్టుకోండి. మాట అర సెకను ఆలస్యంగా చేరడం వల్ల వంతులవారీగా చెబితే గొంతులు గుద్దుకుంటాయి. దానికి ఉపాయం, ఒక రహస్యం మొత్తం అటువాళ్లే పూర్తిగా చెప్పడం, ఇటువాళ్లు మైకు ఆపేసి మెల్లగా కలవడం. తర్వాతి రహస్యానికి తారుమారు.

పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) మాత్రం ఫోన్‌లో కుదరదు. గురువు, పశ్చాత్తాపపడేవారు ఎదురెదురుగా ఉండాల్సిందే. ఆదివారం దివ్యబలిపూజను (మాస్‌ను) ఫోన్‌లో చూడడం కూడా గుడికి వెళ్లడంతో సమానం కాదు. అయితే జబ్బుతోనో, సెలవు దొరకకనో వెళ్లలేనివారికి ఆ బాధ్యతే వర్తించదు కాబట్టి వాళ్లు పాపమని కుమిలిపోవద్దు. చూడడం మంచిదే, ఊరట కోసం.

సింగరేణిలో నైట్ షిఫ్ట్. జపమాల ఒక్క దమ్ములో పూర్తి కాదు. ముక్కలుగా చెప్పొచ్చా?

చెప్పొచ్చు. బస్సులో రెండు, ఇంటికొచ్చాక మూడు రహస్యాలు చెప్పుకున్నా పర్వాలేదు. ఒక్క తేడా ఉంది. గుడిలోనో, కుటుంబంతోనో జపమాల చెప్పేవారికి శ్రీసభ ఇచ్చే పాపశిక్ష విముక్తిని (క్షమించిన పాపాలకు మిగిలిన శిక్ష నుంచి విడుదలను) పొందాలంటే ఐదు రహస్యాలూ ఎడతెగకుండా చెప్పాలి. దాంతోపాటు పాపసంకీర్తనం, సత్ప్రసాద స్వీకారం (పూజలో ఇచ్చే క్రీస్తు శరీరం తీసుకోవడం), పోపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థన, ఏ పాపం మీదా మమకారం లేని మనసు కావాలి. నడిరాత్రి దాటాక ఏ రోజు రహస్యాలు చెప్పాలని అడుగుతుంటారు. నిద్రపోయేదాకా అదే రోజు అనుకోండి. బండి నడిపేటప్పుడు పూసలు వద్దు, వేళ్లు చాలు. కళ్లు రోడ్డు మీద ఉండాలి.

మాల తెగింది. అపశకునమా?

కాదు. తీగ మాలలో తెగేది తీగ కాదు, రెండు కొక్కేల మధ్య చిన్న రింగు నోరు తెరుచుకుంటుంది. ముక్కు పట్టకారుతో ఆ నోటిని పక్కకు తిప్పి మళ్లీ కలపాలి. రెండువైపులా లాగి మూస్తే రింగు వంకరై వారంలో మళ్లీ ఊడుతుంది. నైలాన్ దారం మాలైతే ముడి వేసి చివరను అగ్గిపుల్లతో కాస్త కరిగించండి. పత్తి దారం చెమటకు కుళ్లుతుంది. పొలానికి, పనికి మెడలో వేసుకెళ్లేవారికి నైలానే మేలు. బాగుచేస్తే దీవెన పోదు. పూర్తిగా పాడైతే చెత్తలో వేయకుండా మట్టిలో పూడ్చండి.

నవదిన ప్రార్థనలో ఒకరోజు తప్పింది. మళ్లీ మొదటినుంచా?

అవసరం లేదు. మరుసటి రోజు రెండూ కలిపి చెప్పుకోండి, లేదా ఒక రోజు పొడిగించండి. యేసు మోక్షారోహణం తర్వాత శిష్యులు, మరియమాత మేడగదిలో పెంతెకోస్తుదాకా ప్రార్థిస్తూ ఉండడమే తొమ్మిది రోజులకు మూలం. వాళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. లెక్కపెట్టడం ఆ కథలో ముఖ్యం కాదు. బుధవారం నిత్యసహాయమాత నవదిన ప్రార్థన, పునీత అంతోనివారి పదమూడు మంగళవారాలు, తిరుహృదయానికి తొమ్మిది మొదటి శుక్రవారాలు, ఫాతిమా మాత కోరిన ఐదు మొదటి శనివారాలు, అన్నీ ఈ కొమ్మ నుంచి వచ్చినవే. మొదటి శనివారాలకు మాత్రం నాలుగు పనులున్నాయి: పాపసంకీర్తనం, సత్ప్రసాదం, జపమాల, రహస్యాల మీద పదిహేను నిమిషాల ధ్యానం. ఈ పదిహేను నిమిషాలు జపమాలకు అదనం. చాలామంది వదిలేసేది అదే.

"ఈ జపాన్ని 81 కాపీలు తీసి గుడిలో పెట్టండి, పంపకపోతే కీడు" అంటూ వచ్చే కాగితాలు, వాట్సాప్ మెసేజ్‌లు ప్రార్థనలు కావు. బెదిరింపులు. నిర్భయంగా తీసేయండి.

గుణదలకు (విజయవాడలోని మరియమాత క్షేత్రం) మొక్కు మొక్కాను, తీర్చలేకపోతున్నాను. ఏం చేయాలి?

మా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ కన్నీళ్లు పెట్టించేది ఇదే. కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

మొక్కు అంటే మంచిది, చేయగలిగినది అయిన ఒక పని చేస్తానని తెలిసి, స్వేచ్ఛగా దేవునికి ఇచ్చిన మాట. ఎంజీఎం ఆసుపత్రి వరండాలో బిడ్డను చూస్తూ ఏడుపులో నోటికొచ్చిన ప్రతి మాటా మొక్కు కాదు. ఆలోచించి ఇచ్చినదేనా, కేవలం ఆశపడ్డారా అన్నది ముందు తేల్చుకోవాలి. తేల్చుకోలేకపోతే ఫాదర్‌గారిని అడగండి.

నిజంగా మొక్కే అయితే, అది మొక్కినవారిని మాత్రమే కట్టివేస్తుంది. ఇది శ్రీసభ చట్టంలో స్పష్టంగా ఉంది. "కొడుక్కు ఉద్యోగం వస్తే వాడు కాజీపేట నుంచి గుణదలకు నడిచొస్తాడు" అని తల్లి మొక్కితే కొడుకు మీద ఏ బాధ్యతా లేదు. అత్త మొక్కు కోడలు తీర్చాల్సిన పని లేదు. తీర్చకపోతే ఇంటికి అరిష్టమని కోడల్ని సాధించడం మొక్కుకన్నా పెద్ద పాపం.

తీర్చడం కష్టమైతే దారులు రెండు. సొంత మొక్కును దానికి సమానమైన, లేదా అంతకన్నా మంచి పనిగా మొక్కినవారే మార్చుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. తక్కువ పనిగా మార్చాలన్నా, పూర్తిగా విడుదల కావాలన్నా విచారణ గురువును కలవాలి. సరైన కారణం ఉంటే, వేరేవారి హక్కుకు నష్టం లేకుంటే, ఆయన విడుదల ఇవ్వగలరు. కాలు విరిగినవారు, కిడ్నీ జబ్బున్నవారు, గర్భిణులు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల రద్దీలో గుణదల గుట్ట ఎక్కాలని పట్టుపట్టనక్కర్లేదు. నెలలో ఏ మామూలు రోజైనా కాజీపేట నుంచి రైలెక్కి వెళ్లిరావచ్చు. గుండు చేయించుకోవడం ఆచారం మాత్రమే, శ్రీసభ ఎవరినీ అడగలేదు.

కొత్తగా మొక్కేవారికి ఒక మాట: తేదీ, డబ్బు, ఇంకొకరి శరీరం, ఈ మూడూ లేని మొక్కు మొక్కండి.

దీపం, హారతి, అగరుబత్తి, కొబ్బరికాయ గుడిలో ఉండొచ్చా?

మొదటి మూడింటికి జవాబు 1969లోనే వచ్చింది. భారతదేశ పీఠాధిపతుల (బిషప్పుల) కోరికపై ఆ ఏడు రోము 12 అంశాలకు అనుమతి ఇచ్చింది. చెప్పులు విడిచి రావడం, నేల మీద కూర్చోవడం, మోకాలు వంచే బదులు చేతులు జోడించి లోతుగా వంగడం, కొవ్వొత్తుల స్థానంలో నూనె దీపం, పూలతో, దీపంతో, ధూపంతో హారతి అందులో ఉన్నాయి. కొబ్బరికాయ ఆ జాబితాలో లేదు. అది స్థానిక ఆచారంగా కొన్ని పుణ్యక్షేత్రాల్లో నడుస్తోంది. కొట్టినంత మాత్రాన ఏదో పొందుతామన్న నమ్మకం చేరితేనే ఇబ్బంది.

హారతి పళ్లెం తిప్పేటప్పుడు జరిగే పొరపాటు చిన్నది, ప్రమాదం పెద్దది: కర్పూరం ఎక్కువ వేస్తారు, ఫ్యాను గాలికి మంట పట్టుచీర కొంగుకు అంటుకుంటుంది. నెయ్యి వత్తి సురక్షితం.

మంచిర్యాలలో చుట్టాల గుడికి వెళ్తే పూజ వేరుగా ఉంది. అది కథోలికమేనా?

పూర్తిగా కథోలికమే. 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనం (బిషప్పు పాలనలోని ప్రాంతం) లతీను రీతిది, అంటే రోము పూజా పద్ధతి. మంచిర్యాల కేంద్రంగా 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ మేత్రాసనం సీరో మలబార్ రీతిది, అంటే కేరళ నుంచి వచ్చిన తూర్పు పద్ధతి. రెండూ ఒకే పోపుగారి కిందివి. అక్కడ పరలోక జపం పూజ ఆరంభంలోనూ వస్తుంది. మనకు సత్ప్రసాదానికి ముందు మాత్రమే. తపస్సుకాలం (ఈస్టరుకు ముందు నలభై రోజులు) మనకు విభూతి బుధవారం నుంచి, వాళ్లకు అంతకు రెండు రోజుల ముందు సోమవారం నుంచి. అక్కడ సత్ప్రసాదం తీసుకోవచ్చు, ఆదివారం బాధ్యత తీరుతుంది. డోర్నకల్, మెదక్ పెద్ద చర్చిలు మాత్రం సీఎస్ఐవి (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ప్రొటెస్టెంట్ సంఘం). అక్కడ కలిసి ప్రార్థించవచ్చు, కానీ ప్రభు భోజనంలో పాలుపంచుకోలేం.

సీఎస్ఐ బంధువులతో పరలోక జపం చెబితే చివర తేడా వస్తోంది.

వాళ్లు "రాజ్యము, బలము, మహిమ" అంటూ ముగిస్తారు. మనం పూజలో ఆ మాటలే, నడుమ గురువు చెప్పే చిన్న ప్రార్థన తర్వాత అంటాం. ఇంట్లో కలిసి చెప్పేటప్పుడు వాళ్ల ముగింపునూ కలుపుకోండి, అందులో తప్పేమీ లేదు. వాళ్లు "నీ నామము" అంటే మనం "మీ నామము" అంటాం. పెళ్లింట్లో దీని మీద పంచాయితీ పెట్టకండి.

మా పల్లె గుడిలో సిలువ మార్గం (యేసు సిలువ మోసిన దారిని స్థలం స్థలంగా ధ్యానించే ప్రార్థన) పటాలు లేవు. కొనాలంటే డబ్బు లేదు.

పటాలు తప్పనిసరి కాదు. చిన్న కొయ్య సిలువలు పద్నాలుగు ఉంటే చాలు. వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలతో జానెడు సిలువలు చేయించి, ఫాదర్‌గారితో దీవింపజేసి, గోడకు రెండువైపులా ఏడేసి కొట్టండి.

స్థలాలు 14 అని 1731లో స్థిరపడింది. మూడుసార్లు పడిపోవడం, తల్లిని కలవడం, వెరోనికమ్మ ముఖం తుడవడం సువార్తల్లో లేవు, భక్తి సంప్రదాయం నుంచి వచ్చినవి. సువార్త స్థలాలే కావాలనుకునేవారికి 1991 పవిత్ర శుక్రవారం నాడు రెండవ జాన్ పాల్ పోపుగారు వాడిన మరో వరస ఉంది.

ఒక స్థలం నుంచి ఇంకో స్థలానికి నడవడం ఈ ప్రార్థనలో భాగం. గుడి చిన్నదై జనం కదలలేకపోతే, సిలువ పట్టుకున్నవారు నడిస్తే సరిపోతుంది. తపస్సుకాలం మిర్చి ఏరే కాలంలో పడుతుంది. శుక్రవారం నాలుగింటికి పెడితే కూలికి పోయినవాళ్లెవరూ రారు. ఏడింటికి పెట్టండి, ధ్యానాలు కుదించండి. ముప్పై నిమిషాలు దాటిందంటే మోకాళ్ల నొప్పులవాళ్లకు అక్కడ ప్రార్థన ఆగిపోతుంది.

చనిపోయినవారికి పూజ చెప్పించాలంటే ఎంత ఇవ్వాలి? ఏ రోజున?

కానుక మొత్తాన్ని ఆ ప్రాంత పీఠాధిపతులు నిర్ణయిస్తారు. విచారణ ఆఫీసులో అడగండి. ఇవ్వలేనివారి కోసం కానుక లేకుండా కూడా పూజ చేయాలని చట్టమే గురువులను కోరుతుంది, అడగడానికి సిగ్గుపడకండి. ఒక కానుకకు ఒక పూజ. పది పేర్లు కలిపి చదివే ఉమ్మడి పూజ ముందుగా ఒప్పుకున్నవారి కానుకలతోనే చేయాలి. మూడో రోజు, ఏడో రోజు, ముప్పయ్యో రోజు, సంవత్సరీకం పాత క్రైస్తవ ఆనవాయితీ. పదకొండో రోజు మన ప్రాంతపు అలవాటు. బంధువులంతా కూడేది ఆ రోజే కాబట్టి దానికి అభ్యంతరం లేదు. గ్రెగోరియన్ పూజలంటే ఒక్క ఆత్మ కోసం వరసగా 30 రోజులు. అందుకే మామూలు విచారణలో కుదరడం కష్టం.

నవంబరు 1 నుంచి 8 దాకా సమాధుల దగ్గరికి వెళ్లి, మనసులోనైనా, చనిపోయినవారి కోసం ప్రార్థిస్తే, ఆ పాపశిక్ష విముక్తి ఫలం ఉత్తరించు స్థలంలో (మోక్షానికి ముందు) శుద్ధి పొందుతున్న ఆత్మలకు చెందుతుంది. 2వ తేదీ సమాధుల పండుగ ఒక్కరోజే అనుకుని చాలామంది మిగతా వారం వదిలేస్తారు.

చావింట్లో ఏ జపమాల చెప్పాలి?

నియమం లేదు. దుఃఖ దేవరహస్యాలు అలవాటు, మహిమ దేవరహస్యాలు ఇంకా తగినవని మా అభిప్రాయం. రహస్యం రహస్యానికీ మధ్య రెండు నిమిషాల మౌనం ఉంచండి. మైకు అక్కర్లేదు.

సత్ప్రసాదానికి గంట ఉపవాసం. టీ తాగితే?

గంట లెక్క పూజ మొదలయ్యేసరికి కాదు, సత్ప్రసాదం తీసుకునే సమయానికి. నీళ్లు, మందులు ఉపవాసాన్ని భంగపరచవు. టీ భంగపరుస్తుంది. వృద్ధులకు, జబ్బుపడినవారికి, వాళ్లను చూసుకునేవారికి ఈ నియమం లేదు. షుగర్ ఉన్నవారు ఖాళీ కడుపుతో వచ్చి కళ్లు తిరిగి పడడం భక్తి కాదు.

దివ్యసత్ప్రసాద ఆరాధనలో గంటసేపు ఏం చేయాలో తోచదు.

మొదటి పది నిమిషాలు ఊరికే కూర్చోండి, ఊపిరి నిదానించనివ్వండి. తర్వాత ఆ ఆదివారపు సువార్త భాగాన్ని నాలుగు విడతలుగా తీసుకోండి: మెల్లగా చదవడం, ఆగిన మాట దగ్గర ఆలోచించడం, దాని గురించి దేవునితో మాట్లాడడం, మాటలు మాని ఉండిపోవడం. పన్నెండో శతాబ్దపు సన్యాసులు అందించిన పద్ధతి ఇది. ఐదారు వచనాలు చాలు. అధ్యాయం మొత్తం ముందేసుకుంటే అది పాఠమైపోతుంది. మనసు పక్కకు పోతే పోయిందని గమనించి అదే వచనానికి తిరిగి రండి. గంటలో ముప్పైసార్లు తిరిగొచ్చినా అది పాడైన గంట కాదు.

సీసాలోని దీవించిన తీర్థం పచ్చబడింది. పారేయొచ్చా?

మోరీలో పోయకండి, చెట్టు మొదట్లోనో మట్టిలోనో పోయండి. ఎండ తగిలే కిటికీలో ప్లాస్టిక్ సీసా పెడితే నాచు పట్టడం మామూలే. సీసాను వేడినీళ్లతో కడిగి ఎండబెట్టి, ఈసారి చిన్న గాజు సీసాలో కొద్దిగానే తెచ్చుకోండి.